రుతువిరతి: వేడి ఆవిర్లు, నిద్ర, కణాల వయస్సు

అర్ధరాత్రి ఒళ్లంతా చెమటతో తడిసి మేల్కొన్న స్త్రీ, ఇంట్లో అందరూ నిద్రపోతూండగా తనకొక్కదానికే ఇంత ఉక్క ఎందుకని కలవరపడుతుంది. తిన్నది వేడి చేసిందనుకొని మజ్జిగ తాగి సరిపెట్టుకుంటుంది. తెల్లవారితే వంట, క్యారియర్లు, ఉద్యోగమో కూలిపనో తప్పవు. సొంత ఊరిలోనైతే తల్లో అత్తో ఇది ఫలానా అని చెప్పేవారు. బెంగళూరు వంటి నగరానికి వలస వచ్చిన కుటుంబంలో ఆ మాట చెప్పే పెద్దదిక్కు చాలాసార్లు ఉండదు. అందువల్ల ఈ విషయాన్ని ఇక్కడ వివరంగా తెలుసుకుందాం.

ముట్లుడగడం అంటే

వరుసగా పన్నెండు నెలలపాటు బహిష్టు రాకపోతే దానిని రుతువిరతి అంటారు. పల్లెల్లో ముట్లుడగడం అనేది దీనినే. అమెరికాలో ఇది సగటున 51 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. భారతీయ స్త్రీలకు 46, 47 ఏళ్లకే వస్తోంది. అంతకు ముందు కొన్నేళ్లపాటు బహిష్టులు క్రమం తప్పుతాయి. వేడి ఆవిర్లు సాధారణంగా ఆ కాలంలోనే మొదలవుతాయి.

మెదడులోని హైపోథాలమస్ అనే భాగం శరీరపు వేడిని అదుపులో ఉంచుతుంది. అండాశయాలలో ఈస్ట్రోజెన్ ఉత్పత్తి తగ్గినప్పుడు అక్కడి కొన్ని నాడీకణాలు అతిగా స్పందిస్తాయి. ఒంటివేడి రవ్వంత పెరిగినా, శరీరం మరీ వేడెక్కిందన్నట్లు ఆజ్ఞలు వెళతాయి. చర్మంలోని రక్తనాళాలు విప్పారుతాయి, ముఖం, మెడ, ఛాతీ సెగలు కక్కుతాయి, గుండె దడదడలాడుతుంది, చెమట పోస్తుంది. కొద్ది నిమిషాలకు అంతా చల్లబడి వణుకు పుడుతుంది. ఇది మనోభ్రమ కాదు, నటన అంతకన్నా కాదు. తరచుగా ఆవిర్లు వచ్చే స్త్రీలలో సగం మందికి అవి ఏడేళ్లకు పైగా కొనసాగుతాయని అమెరికాలో జరిగిన దీర్ఘకాల పరిశీలనలో తేలింది.

కణాల వయస్సు

దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. దాని మీద మిథైల్ గుర్తులనే చిన్న రసాయన గుర్తులు చేరుతూ, తొలగుతూ ఉంటాయి. తెలుగు అక్షరంతో దీనిని పోల్చవచ్చు. ‘న’ అనే అక్షరానికి పొల్లు పెడితే ‘న్’ అవుతుంది. అక్షరం అదే, పలుకు మాత్రం అణగిపోతుంది. అదే విధంగా జన్యువు మారకుండానే, దాని మీది గుర్తును బట్టి దాని పని అణగవచ్చు లేదా పెరగవచ్చు. ఇటువంటి వాటిని ఎపిజెనెటిక్ మార్పులు అంటారు.

వయస్సుతోపాటు ఈ గుర్తులు ఒక క్రమంలో మారతాయి. 2013లో స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త 353 చోట్ల ఉన్న గుర్తులను లెక్కించి కణాల వయస్సును అంచనా వేసే పద్ధతిని రూపొందించారు. పుట్టిన తేదీ ప్రకారం యాభై ఏళ్లున్న ఇద్దరు స్త్రీలలో కణాల వయస్సు వేర్వేరుగా ఉండవచ్చు.

ఆ పద్ధతితో మూడు వేలకు పైగా స్త్రీలను పరిశీలించిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. రుతువిరతి ఎంత ముందుగా వస్తే రక్తకణాల వయస్సు అంత ఎక్కువగా కనిపించింది. మరో అధ్యయనం నిద్రను పరిశీలించింది. నిద్ర పట్టకపోవడం, మధ్యలో మెలకువ రావడం, మళ్లీ నిద్రపోలేకపోవడం, వేకువకు ముందే లేచిపోవడం, అశాంతిగా దొర్లడం అనే అయిదు లక్షణాలూ ఉన్న స్త్రీల కణాలు, అవేవీ లేని వారి కణాలకన్నా సుమారు రెండేళ్లు ముదిరినట్లు కనిపించాయి.

ఇవి సంబంధాన్ని చూపుతున్నాయే తప్ప, నిద్రలేమే కణాలను ముదురజేసిందని నిరూపించడం లేదు. కణాల వయస్సు చెబుతామంటూ అమ్మే పరీక్షలకు డబ్బు ఖర్చు చేయనవసరం లేదు; వాటిని బట్టి చికిత్స మారదు. అయినా నిద్రలేమిని ‘ఆడవాళ్లకు మామూలే’ అని కొట్టిపారేయకూడదన్నది మాత్రం స్పష్టం.

గర్భసంచి ఆపరేషన్

ఈ సంగతి తెలుగు స్త్రీలకు మరింత ముఖ్యం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. గర్భసంచి ఒక్కటే తీస్తే బహిష్టు ఆగుతుంది కాని అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. రెండు అండాశయాలనూ తీసివేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోయి ఆవిర్లు తీవ్రంగా వస్తాయి. ఎముకలు, గుండె కూడా ముందుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆపరేషన్‌తో రుతువిరతి పొందిన స్త్రీల కణాలు మరింత ముదిరినట్లు పై అధ్యయనంలోనూ కనిపించింది. ఆపరేషన్‌కు ఒప్పుకొనేముందు ‘అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? ఎందుకు? వేరే మార్గం లేదా?’ అని అడగడం, డిశ్చార్జి కాగితాన్ని భద్రపరచుకోవడం అవసరం.

చేయదగినవి

పలుచని నూలుబట్టలు, కిటికీ పక్కన పడక, చేతికందేచోట చన్నీళ్లు రాత్రిపూట ఉపశమనమిస్తాయి. సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానాలి. రోజూ ఒకే సమయానికి లేవడం మేలు. ఆవిర్లు వచ్చిన వేళలు, నిద్ర చెడిన రాత్రులు రెండు వారాలపాటు క్యాలెండర్ మీద గుర్తుపెట్టి వైద్యులకు చూపాలి. మందుల్లో హార్మోన్ చికిత్స అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. అయితే రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు, పక్షవాతం వచ్చినవారికి అది సాధారణంగా తగదు. వారికి వేరే మందులున్నాయి. సొంతంగా మందు కొని వాడకూడదు.

రాత్రి చెమటలతోపాటు జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ పరీక్ష కూడా అవసరం కావచ్చు. ముట్లుడిగిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యులను కలవాలి.

వార్డులోని ‘నమ్మ క్లినిక్’లో వైద్యులకు తెలుగు రాకపోతే, కన్నడంలో ‘ముట్టు నిల్లువుదు’ అన్న మాట చాలు. అది మన ‘ముట్లుడగడ’మే.

పునశ్చరణ

1. గర్భసంచి తీయడానికీ అండాశయాలు తీయడానికీ తేడా ఏమిటి?
2. రాత్రి చెమటలతోపాటు ఏ లక్షణాలు ఉంటే వేరే జబ్బును అనుమానించాలి?
3. ఇంట్లో నలభై దాటిన స్త్రీ ఈ వారంలో ఎన్ని రాత్రులు సరిగా నిద్రపోయింది? ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లోని పురుషులు, పిల్లలు తెలుసుకొని రావాలి.