తోలుగుడ్లు పెడుతుంటే...

ప్రశ్న: పెరట్లో నాటుకోళ్లకు నూకలు వేస్తున్నాం. గుడ్లు పెంకు లేకుండా తోలుగుడ్లుగా వస్తున్నాయి. ఏం పెట్టాలి?
– ఒక పాఠకురాలు, ధరణికోట

జవాబు: నూకలు కడుపు నింపుతాయిగానీ, వాటిలో కాల్షియం లేనట్టే లెక్క. ఒక్కో గుడ్డు పెంకుకే సుమారు 2 గ్రాములు కావాలమ్మా. కృష్ణ ఒడ్డున దొరికే ఆల్చిప్పలు, నత్తగుల్లలు కడిగి, ఎండబెట్టి, జొన్నగింజంత ముక్కలుగా నలగ్గొట్టండి. మేతలో కలపకుండా విడిగా మూకుడులో ఉంచితే పెట్టలు కావలసినంతే తింటాయి. కోడిపిల్లలకు మాత్రం వద్దు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది కాబట్టి గూటికి చేరేముందు అందుబాటులో ఉండాలి.

మాంసకృత్తులకు పురుగూపుట్రా కొంత సరిపెడతాయి. నూకల్లో బూజుపట్టని వేరుశనగ చెక్క కాస్త కలపండి. మీ వైపు చవగ్గా దొరుకుతుందని పత్తిచెక్క వేసేరు! అందులోని గాసిపాల్ వల్ల నిల్వ గుడ్లలో సొన ఆకుపచ్చగా మారుతుంది.