గండం గడిచిన తరువాత



ధ్యాన భాగం: ఫిలిప్పీయులకు 2:25–30

ఎపఫ్రొదితు ఊరు విడిచి దూరం వెళ్లినవాడు. ఫిలిప్పీ సంఘం పంపిన సహాయాన్ని బంధకాలలో ఉన్న పౌలుకు అందించడానికి వెళ్లి, అక్కడే చావుకు దగ్గరయ్యేంత జబ్బుపడ్డాడు. ఆ వార్త ఇంటికి చేరింది. తనవాళ్లు దిగులుపడుతున్నారని తెలిసి అతను ఇంకా కుంగిపోయాడు. పరదేశంలో ఉన్న మనకు ఈ బాధ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఐసీయూలో మనిషి ఉంటే, ఊళ్లో అమ్మకు ఫోన్ చేసి "కొంచెం జ్వరం అంతే" అని చెప్పేది మనమే కదా!

దేవుడు అతణ్ణి కనికరించాడు, అతను బతికాడు. అయితే పౌలు అక్కడితో ఆగలేదు. అతణ్ణి ఇంటికి పంపిస్తూ, సంతోషంగా చేర్చుకోండి, గౌరవించండి అని సంఘానికి రాశాడు. పని మధ్యలో వచ్చేశాడని ఎవరైనా అనుకోవచ్చు, అందుకే అతని తరఫున ముందే మాట్లాడాడు. బతికి వచ్చినవాడికి అలా మాట్లాడే మనిషి ఒకడు కావాలి.

1️⃣ బతకడం వేరు, కోలుకోవడం వేరు

మనలో చాలామంది డిశ్చార్జ్ అయిన రోజే యుద్ధం అయిపోయింది అనుకుంటాం. తరువాతి ఆదివారమే సాక్ష్యం చెప్పమంటాం. కానీ ఐసీయూలో చాలా రోజులు పడుకున్న మనిషి కండ కరిగిపోతుంది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. మతిమరుపు, పీడకలలు, ఊరికే ఏడుపు, కోపం ఇవన్నీ నెలల తరబడి ఉండవచ్చు. లేనివి కనబడినట్టు అక్కడ కలిగిన భ్రమలు నిజంగా జరిగినట్టే గుర్తుంటాయి కొందరికి. ఇది విశ్వాసం తగ్గడం కాదు, జబ్బు మిగిల్చిన అలసట. "ప్రార్థన చేసుకో, లే" అని ఒత్తిడి పెట్టకండి, మందులు ఆపమని అస్సలు చెప్పకండి.

అలసి, చావాలని కోరుకున్న ఏలీయాకు దేవుడు మొదట ఏమిచ్చాడు? నిద్ర, రొట్టె, నీళ్లు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. దర్శనం ఆ తరువాతే (1 రాజులు 19).

2️⃣ అడగడం సిగ్గు కాదు

ఈ దేశంలో ఐసీయూ నుంచి వచ్చినవారి కోలుకోవడం గురించి నైస్ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంకా అవసరాలు మిగిలి ఉన్నవారిని ఐసీయూ నుంచి వచ్చిన 2–3 నెలలకు మళ్లీ పరీక్షించాలని అందులో ఉంది. పిలుపు రాకపోతే వార్డుకో, జీపీకో ఫోన్ చేసి మనమే అడగాలి. పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాకపోతే ఎన్‌హెచ్‌ఎస్‌లో ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఇస్తారు. తల్లి జబ్బు గురించి డాక్టర్ చెప్పే కఠినమైన మాటల్ని పదేళ్ల పిల్లాడి చేత తెలుగులో చెప్పించకండి.

చాలా ఐసీయూల్లో నర్సులు, కుటుంబసభ్యులు కలిసి పేషెంట్ డైరీ రాస్తారు. ఏ రోజు ఏం జరిగింది, ఎవరు వచ్చారు అని. తెలివి లేని రోజుల్ని తరువాత అర్థం చేసుకోవడానికి అది సాయపడుతుంది. లేకపోతే మీరే ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాయండి. ఆయన అడిగినప్పుడు చదివి వినిపించండి, అడగకముందే వద్దు.

3️⃣ చేతులు పట్టుకునేవారు

మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క పట్టుకున్నారు. సేవ చేసే భార్యకో, కొడుకుకో కూడా అలా ఇద్దరు కావాలి. కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసి వచ్చి, పగలు ఇంట్లో మళ్లీ అదే పని చేసే చెల్లెళ్లు మన మధ్యనే ఉన్నారు. "ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "మంగళవారం పప్పు, కూర నేను తెస్తాను", "గురువారం ఫిజియోకు నేను కారులో తీసుకెళ్తాను" అనండి.

ఉద్యోగం చేసేవారికి ఒక మాట. ఇంగ్లాండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచి కేరర్స్ లీవ్ హక్కు ఉంది. ఎక్కువ కాలం సంరక్షణ అవసరమైన కుటుంబసభ్యుని కోసం 12 నెలల్లో ఒక వారం సెలవు, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే. జీతం ఉండదు, కానీ సగం రోజు చొప్పున కూడా వాడుకోవచ్చు. స్పాన్సర్ వీసా మీద ఉన్నవారు ఇంకోటి గమనించాలి. జీతం లేని సెలవులు క్యాలెండర్ సంవత్సరంలో మొత్తం 4 వారాలు దాటితే స్పాన్సర్‌షిప్‌కు ఇబ్బంది రావచ్చు. అందుకే ముందే హెచ్‌ఆర్‌తో మాట్లాడి, రాతపూర్వకంగా పెట్టుకోండి.

4️⃣ ఇంటికి నిజం చెప్పండి

ఫిలిప్పీవారి దుఃఖం తగ్గాలని పౌలు మనిషినే పంపాడు, జబ్బు ఎంత పెద్దదో కూడా దాచకుండా రాశాడు. మనం కూడా అంతా బాగుందని అబద్ధం చెప్పక, వాళ్లు మోయగలిగినంత నిజం మెల్లగా చెబుదాం. ప్రార్థించేవారికి దేని గురించి ప్రార్థించాలో తెలియాలి కదా.

ఈ వారం చేయవలసింది: జబ్బు నుంచి లేచిన ఒకరి ఇంటికి వెళ్లండి. పది నిమిషాలే కూర్చోండి. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నప్పుడే మేలు చేశారు, నోరు తెరిచాకే గాయపరిచారు.

ప్రార్థన: తండ్రీ, మా మనిషిని మాకు మళ్లీ ఇచ్చావు, స్తోత్రం. ఈ నెమ్మదైన రోజుల్లో మాకు విసుగు రానివ్వకు. అలసిన చేతులకు తోడు పంపు. యేసు నామంలో అడుగుతున్నాము, ఆమేన్.

ఈ మాట అవసరమైన ఒక కుటుంబానికి పంపండి 🙏