మగ్గం మీదే కాదు, మగ్గం చుట్టూ కూడా పనుంది

"ఊరికి వెళ్లిపోవాలని ఉందండీ" అనే మాట ఈ మధ్య తరచూ వింటున్నాను. అనేవాళ్లలో ఎక్కువమంది ముప్పై ఏళ్ల లోపువాళ్లే. హైదరాబాదులో పాతిక వేల జీతం, అందులో మూడో వంతు గది అద్దెకే పోతుంది. రోజూ బస్సులో రెండు మూడు గంటలు. ఊళ్లో చూస్తే సొంత ఇల్లుంది, అమ్మానాన్నలున్నారు, మూల గదిలో మగ్గమూ ఉంది. ఈ నాలుగు మాటలు అలాంటి వాళ్లకోసమే.

ముందు చేదు మాట చెప్పేస్తాను. 2019–20 చేనేత గణనలో దేశంలోని ప్రతి మూడు నేత కుటుంబాల్లో సుమారు రెండింటికి నెల రాబడి ఐదు వేలు దాటలేదని తేలింది. మీ నాన్న మిమ్మల్ని మగ్గం గుంతలో దిగనివ్వకుండా కాలేజీకి పంపింది ఆ రాబడి సంగతి తెలిసే. వారసత్వం గొప్పదని చెబితే కిరాణా కొట్టువాడు బాకీ కొట్టేయడు. కాబట్టి ఊరికి వెళ్లాలా వద్దా అన్నది పక్కన పెట్టండి. వెళ్లి ఏ పని చేస్తారు, ఆ పనికి డబ్బిచ్చేది ఎవరు? ముందు తేలాల్సింది అది.

భూదాన్ పోచంపల్లినే చూడండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు. అక్కడి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. 2021లో ఆ ఊరు ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలోనూ చేరింది. బోర్డులు బాగానే ఉన్నాయి. కానీ ఊళ్లో జనాన్ని పట్టి ఉంచింది బోర్డులు కావు, చీర తయారయ్యే తీరు. దారాన్ని ముందే లెక్కగా కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేయాలి. కండెలు చుట్టేవాళ్లు ఒకరు, దారాన్ని మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసేవాళ్లు ఒకరు, రంగు అంటకూడని చోట దారానికి చిటికి కట్టేవాళ్లు, రంగులు వేసేవాళ్లు, అచ్చు అతికేవాళ్లు ఇంకొందరు. మగ్గం ఎక్కేలోపే ఒక చీర ఇన్ని చేతులు మారుతుంది, చేయి మారిన ప్రతిచోటా ఎంతో కొంత కూలి పుడుతుంది. ఏ ఊరి కళనైనా ఈ కంటితో చూడండి. ఎన్ని చేతులకు పని పెడుతోందో లెక్కపెడితే ఆ ఊళ్లో మీకు చోటుందో లేదో సగం తెలిసిపోతుంది.

ఆ చేతుల్లో ఒకటి ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మిది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేయి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథ సినిమాగా కూడా వచ్చింది కనుక అందరికీ తెలుసు. అయితే ఉద్యోగం చేసుకునేవాళ్లు పట్టించుకోవాల్సిన ముక్క ఒకటుంది: ఆయన హైదరాబాదులో కూలి పనులు చేస్తున్న రోజుల్లోనే యంత్రాల తిరుగుడు దగ్గరగా చూసి, చిక్కుముడి విప్పుకున్నారు. పట్నంలో చూసింది ఊరి నొప్పికి మందయింది. మీరు పట్నంలో నేర్చుకున్నదేమిటి? అకౌంట్సా, ఫొటోలా, కంప్యూటర్ మీద డిజైన్లా, కస్టమర్‌తో ఫోన్లో ఓపిగ్గా మాట్లాడటమా? అదే మీ పెట్టుబడి. మగ్గం మీద మీ నాన్నతో పోటీ పడలేరు, పడాల్సిన అవసరమూ లేదు.

నేసేవాళ్లకు కొరత ఉన్నమాట నిజమే. అంతకంటే పెద్ద కొరత, నేసినదాన్ని దాని ధరకు అమ్మగలవాళ్లది. ఇక్కత్ డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి చాలా తక్కువ ధరకు అమ్మేస్తుంటే, కొనేవాళ్లకు తేడా చెప్పేవాళ్లు కావాలి. చెప్పడం పెద్ద విద్యేమీ కాదు. దారం ముందే రంగు తాగి వస్తుంది గనక అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైను అంచు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. అచ్చు వేసిన గుడ్డను తిప్పి చూస్తే వెనక వెలవెలబోతుంది. ఈ తిప్పి చూపించే అర నిమిషం వీడియో మీ ఊళ్లో ఎంతమంది తీశారో కనుక్కోండి. పోచంపల్లికి దగ్గర్లోని పుట్టపాకలో తేలియా రుమాలు ఉంది. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెడతారు. ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా వెళ్లిన సరుకు. ఈ కథ చెప్పి అమ్మితే ఒక ధర, చెప్పకుండా అమ్మితే ఇంకో ధర.

ఇక డబ్బు సంగతి. నేనూ ఒకసారి ఉత్సాహపడి పది చీరలు తీసుకెళ్లి ఒక పెద్ద దుకాణంలో పెట్టాను. సరుకు అమ్ముడుపోయింది, డబ్బు ఎనిమిది నెలలకు వచ్చింది. అది కూడా మూడు ముక్కలుగా. ఈలోపు నేతగాడికి కూలి నా జేబులోంచే ఇచ్చాను. చేనేత వ్యాపారంలో మనుషులు మునిగేది సరుకు అమ్ముడుపోకపోవడం కంటే, డబ్బు తిరిగి రావడం ఆలస్యమవడం వల్లే. అందుకని ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకుండా రాజీనామా రాయకండి. ముందు రెండు మూడు నెలలు శని, ఆదివారాలు ఊళ్లో ఉండి ఒకే ఒక చీర లెక్క రాయండి: పట్టు, రంగు, చిటికి కూలి, నేత కూలి, కొరియర్, వాపసు వచ్చే సరుకు. మీ ఇంట్లో మగ్గానికి దారం ఎవరిస్తున్నారో కూడా అడగండి. మాస్టర్ వీవర్ ఇస్తుంటే డిజైను ఆయనది, చీర ఆయనది, మీ ఇంటిది కూలి మాత్రమే. దాన్ని తప్పు పట్టడం లేదు. నష్టం భరించేదీ ఆయనే కదా. అయితే మీరు మొదలుపెట్టబోయేది ఏ మెట్టు మీదో తెలియాలి.

కాగితాల్లో ఒక తికమక ఉంది. 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, ఐదు శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల రుణం. బొమ్మలు చేసేవాళ్లు, కుమ్మరులు, వడ్రంగులు అందులో ఉన్నారు. మగ్గం నేతవాళ్లు లేరు. వాళ్లకు నేత ముద్రా రుణం వేరే ఉంది. దానికి నేతగాడి గుర్తింపు కార్డు కావాలి, అది ఇంట్లో ఎవరి పేరున ఉందో చూసుకోండి. చాలా ఇళ్లలో పని ఆడవాళ్లది, కార్డు మగవాళ్లది. భౌగోళిక గుర్తింపు ఉంది కదా అని ఆ ముద్ర ఎవరు పడితే వాళ్లు వేసుకోకూడదు. చెన్నైలోని రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా మీ పేరు నమోదు చేయించుకోవాలి.

బొమ్మల ఊళ్లవాళ్లు ముడిసరుకు చూసుకోవాలి. ఏటికొప్పాకకు అంకుడు కర్ర, కొండపల్లికి పొణికి కర్ర. చెట్టు లేకపోతే బొమ్మా లేదు. ముడిసరుకు ఉన్నా అడిగేవాళ్లు తగ్గొచ్చు. తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంటలో ఆట చూసేవాళ్లు తగ్గిపోతే అదే తోలుతో దీపాల గొడుగులు చేసి నిలదొక్కుకున్నారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కళను కాపాడటమంటే పాత వస్తువునే పట్టుకు వేలాడటమని అనుకునేవాళ్లకు ఆ ఊరు చూపించాలి.

చివరిగా, ఇంట్లో మాట్లాడకుండా ఏదీ తేల్చుకోకండి. పిల్లల బడి, దగ్గర్లో డాక్టరు, భార్య ఉద్యోగం చేస్తుంటే ఆ ఉద్యోగం. పోచంపల్లి హైదరాబాదుకు గంటన్నర దూరం కాబట్టి ఒకరు పట్నానికి వెళ్లొస్తూ, ఇంకొకరు ఊళ్లో పని మొదలుపెట్టొచ్చు. ఆ వీలు అన్ని ఊళ్లకూ లేదు. మొదటి ఏడాది ఒక జీతం ఆగకుండా వచ్చే ఏర్పాటు ఉంటేనే కదలండి. లేకపోతే ఇంకో ఏడాది ఆగండి, ఈలోపు వారానికి ఒక చీర అమ్మడం నేర్చుకోండి.