ఊడిన పన్ను స్థానంలో బ్రిడ్జి: పక్క పళ్ళే దానికి స్తంభాలు

దవడ పన్ను ఒకటి పోతే "లోపలి పన్నే కదా, ఎవరికి కనిపిస్తుంది?" అని మనలో చాలామందిమి ఊరుకుంటాము. ముందు పన్ను పోతే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తుతాము. కాని నోటికి రెండూ అవసరమే. ఖాళీని ఏళ్ళ తరబడి వదిలేస్తే పక్క పళ్ళు మెల్లగా ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. ఎదురు దవడలోని పన్ను కిందికో పైకో జారుతుంది. సందుల్లో అన్నం ఇరుక్కుని పుచ్చు, చిగుళ్ళ జబ్బు మొదలవుతాయి. ఇలా ఒక పన్ను నష్టం మూడు నాలుగు పళ్ళకు పాకుతుంది.

బ్రిడ్జి అంటే ఏమిటి?

కృష్ణ ఒడ్డున విజయపురి సౌత్‌లో ఉండే మనకు వంతెన గురించి వేరే చెప్పనక్కరలేదు. వంతెన నీటి మీద నిలబడదు, స్తంభాల మీద నిలబడుతుంది. పళ్ళ బ్రిడ్జి కూడా అంతే. ఖాళీకి రెండు పక్కల ఉన్న పళ్ళను కొంత అరగదీసి, వాటికి క్యాపులు తొడుగుతారు. ఆ రెండు క్యాపులను కలుపుతూ మధ్యలో కృత్రిమ పన్ను ఉంటుంది. దీన్ని సిమెంటుతో అతికిస్తారు కనుక రోజూ తీసి పెట్టే పని లేదు. ఈ ఆలోచన కొత్తది కాదు. 2,500 సంవత్సరాలకు పూర్వమే ఇటలీలో ఎట్రుస్కన్ ప్రజలు బంగారు పట్టీలతో కృత్రిమ పళ్ళను పక్క పళ్ళకు కట్టుకునేవారు.

ఎలా చేస్తారు?

పన్ను తీసిన గాయం మాని, చిగురు కుదురుకోవడానికి సాధారణంగా రెండు మూడు నెలలు ఆగాలి. ముందుగా ఎక్స్‌రే తీసి పక్క పళ్ళ వేళ్ళు, ఎముక గట్టిగా ఉన్నాయో లేదో చూస్తారు. గార తీసి చిగుళ్ళను బాగుచేస్తారు. తరువాత మత్తు ఇచ్చి పళ్ళు అరగదీసి, కొలత తీసుకుని ల్యాబుకు పంపుతారు. బ్రిడ్జి తయారయ్యేవరకు తాత్కాలిక క్యాపు పెడతారు. మొత్తం మీద రెండు మూడు సార్లు రావలసి ఉంటుంది.

అందరికీ పనికివస్తుందా?

పక్క పళ్ళు కదులుతుంటే, వరుసగా చాలా పళ్ళు పోయి ఉంటే బ్రిడ్జి నిలవదు. పిల్లలకు, ఎదిగే వయసు వారికి సాధారణంగా పెట్టరు. షుగరు అదుపులో లేనివారు ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. గుండె జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఒకసారి అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. కనుక పక్క పళ్ళు చక్కగా ఉంటే తీసి పెట్టుకునే కట్టుడు పన్ను, ఇంప్లాంటు వంటి మార్గాల గురించి కూడా అడిగి తెలుసుకోండి.

పల్నాడులో కొన్ని గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీరు తాగి పెరిగినవారి పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు మచ్చలుంటాయి. మచ్చలున్నంత మాత్రాన ఆ పళ్ళు పనికిరావని అనుకోకండి. రంగు బాగాలేదని గట్టి పన్నును తీయించుకోవద్దు.

ఒక్క పూటలో కట్టే పళ్ళతో జాగ్రత్త

సంతల్లో, బస్టాండ్ల దగ్గర కొందరు పొడిని ద్రావకంతో కలిపి చిగురు మీదే పోసి, పక్క పళ్ళకు తీగతో బిగిస్తారు. సాయంత్రానికే పన్ను వచ్చిందని మనం సంతోషిస్తాము. కాని దాని కింద శుభ్రం చేసుకునే వీలుండదు. చిగురు కుళ్ళుతుంది, ఎముక కరుగుతుంది, గట్టిగా ఉన్న పక్క పళ్ళు కూడా కదిలిపోతాయి. డబ్బు మిగిలిందనుకుంటే పళ్ళు పోతాయి.

ఖర్చు గురించి ముందే అడగడానికి మొహమాటపడకండి. విజయవాడలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల, గుంటూరు దగ్గర తక్కెళ్ళపాడులోని సిబార్ వంటి బోధనాసుపత్రులలో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో ఈ పనులు చేస్తారు. అక్కడ ఎక్కువసార్లు తిరగవలసి రావచ్చు, కాని ఖర్చు తరచుగా తక్కువే ఉంటుంది.

బ్రిడ్జి పెట్టించుకున్న తరువాత

1. ఉదయం, రాత్రి మెత్తని బ్రష్‌తో తోముకోండి. బొగ్గు, ఇటుక పొడి వాడవద్దు.
2. కృత్రిమ పన్ను కింద వేపపుల్ల గాని, మామూలు బ్రష్ గాని చేరదు. డాక్టరు చూపించిన దారంతో లేదా సన్నని బ్రష్‌తో రోజూ శుభ్రం చేయండి.
3. ఎముకలు కొరకడం, చెరకు నమలడం మానండి. గుట్కా, చుట్ట, పొగాకు పూర్తిగా వదలండి.
4. దుర్వాసన, నొప్పి, కదలిక ఉంటే వెంటనే రండి. ఊడిన బ్రిడ్జిని ఇంట్లో జిగురుతో అతికించుకోవద్దు. దాన్ని భద్రంగా తీసుకురండి.
5. ఆరు నెలలకోసారి చూపించుకోండి.

ఇలా జాగ్రత్తగా ఉంటే మంచి బ్రిడ్జి పదేళ్ళు, అంతకు మించి కూడా పనిచేస్తుంది. స్తంభాలు బాగున్నంత కాలమే వంతెన. ఈ మాట ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి.