బాలబాలికలయందు అడినాయిడ్లును ఎలర్జీ పడిశమును

నోరు తెఱచి గాలి పీల్చుచు, రాత్రులు గుఱకపెట్టుచు, తరగతిలో పిలిచినను పలుకని బిడ్డను మందబుద్ధియని దండించుట కద్దు. ఆ లోపము బుద్ధియందు గాక ముక్కునకు వెనుక నుండవచ్చును.

ముక్కు వెనుకభాగమున, కొండనాలుకకు పైని, నోరు తెఱచి చూచినను కానరానిచోట మెత్తని మాంసపుముద్ద కలదు. దీనినే అడినాయిడ్లందురు. రోగక్రిముల నెదుర్కొనుట దీని పని. ఇది 2 మొదలు 7 ఏండ్ల ప్రాయమున పెరిగి, యౌవనము వచ్చుసరికి క్రుంగిపోవును. మితిమీఱి పెరిగినచో ముక్కుదారి మూసికొనును. ముక్కునుండి చెవికి బోవు సన్నని గొట్టమును మూతపడి, చెవిలో ద్రవము నిలిచి, వినికిడి తగ్గును. ఈ రోగమును కోపెన్‌హాగను వైద్యుడు విల్హెల్మ్ మెయ్యరు 1868లో విశదముగా వర్ణించెను.

ఎలర్జీ పడిశము వేఱు. ఇంటిదుమ్ములోని సూక్ష్మకీటకములు, తేమగోడల బూజు, పుప్పొడి మొదలగునవి సోకినపుడు ముక్కులోని పొర వాచును. జ్వరము లేకయే యెడతెగని తుమ్ములు, ముక్కు కన్నుల దురద, నీరువలె కారు చీమిడి దీని గుఱుతులు. ఎలర్జీ యను పదమును వియన్నా వైద్యుడు పిర్కే 1906లో కల్పించెను.

ఈ రెండును ఒకే బిడ్డయందు కూడియుండుట గలదు. ఎలర్జీవలని వాపు అడినాయిడ్లకును సోకవచ్చును. కావున అడినాయిడ్లను మాత్రము కోసివేసి ఎలర్జీని విడిచినచో ముక్కుదిబ్బడ తీఱకపోవచ్చును. ముక్కులో చల్లు స్టీరాయిడు మందువలన కొందఱు బిడ్డలకు అడినాయిడ్లు తగ్గి, శస్త్రచికిత్స యక్కఱలేకపోవును. అయినను నిద్రలో ఊపిరి యాగుచున్నను, చెవుడు వీడకున్నను జాగుచేయక వైద్యునికి జూపవలెను. అట్టివారికి శస్త్రచికిత్సయే మేలు కావచ్చును.

అధికారులు చేయదగిన పనులు:

1. పాఠశాలల తనిఖీయందు, ఎల్లప్పుడు నోటితో ఊపిరి పీల్చు బిడ్డల పట్టీని వ్రాయించి, వారిని ముక్కు, చెవి పరీక్షలకు పంపవలెను.

2. తరగతిగదులను బిడ్డలు రాకమునుపే తడిగుడ్డతో తుడిపింపవలెను. పాఠశాలల చెంత చెత్త కాల్పనీయరాదు.

3. పడకగుడ్డలను వారమున కొకమాఱు వేడినీట నుతికి యెండవేయవలెనని తల్లిదండ్రులకు బోధింపవలెను.

4. పరీక్ష ముగియువఱకు అట్టి బిడ్డను ముందుబల్లపై కూర్చుండబెట్టవలెనని ఉపాధ్యాయులకు తెలుపవలెను.

వినబడని ప్రశ్నకు బదులు చెప్పలేదని బిడ్డను దండించుట న్యాయము గాదు.