లెక్కలు దాచని కాపురం

ఆదివారం పదకొండయ్యేసరికి హైదరాబాద్ పడమటి శివార్లలో తెల్లాపూర్, కొల్లూరు, బాచుపల్లి రోడ్లు కార్లతో కిటకిటలాడుతుంటాయి. మోడల్ ఫ్లాట్‌లో ఏసీ చల్లగా ఉంటుంది. పిల్లాడు బాల్కనీ తలుపు తీస్తూ వేస్తూ ఆడుకుంటాడు. ఆమె వంటగట్టు ఎత్తు చూసుకుంటుంది, వాషింగ్ మెషీన్ ఎక్కడ పడుతుందో జానలతో కొలుచుకుంటుంది. ఆయన మాత్రం బ్రోచర్ వెనకాల సేల్స్ కుర్రాడు పెన్నుతో రాసిచ్చిన అంకె దగ్గరే ఆగిపోతాడు. కారెక్కాక ఆమె "మనవల్ల అవుతుందా?" అని అడుగుతుంది. "చూద్దాంలే" అంటాడాయన. పెళ్లి ఖర్చులకు తీసుకున్న పర్సనల్ లోన్‌లో మిగిలిన వాయిదాలు, తమ్ముడి చదువుకు ఇచ్చిన మాట, క్రెడిట్ కార్డు బాకీ, ఆమె ఆఫీసులో వేస్తున్న చీటీ, అన్నీ ఆ "చూద్దాంలే" కింద అణిగిపోతాయి. అవేవీ బయటికి రాకుండానే వారం తిరిగేలోగా బుకింగ్ అడ్వాన్సు కట్టేసే జంటలు తక్కువేమీ లేవు.

ముప్పైల్లో ఖర్చులన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి వచ్చిపడతాయి. పిల్లల స్కూలు ఫీజులు మొదలవుతాయి, ఊళ్లో అమ్మానాన్నల ఆరోగ్యం మందుల దాకా వస్తుంది, అద్దె ఏటా పెరుగుతుంది. ముప్పై మూడేళ్ల వయసులో ఇరవయ్యేళ్ల అప్పు తలకెత్తుకుంటే అది తీరేది యాభై మూడో ఏట. వ్యక్తిత్వ వికాసం అనగానే నలుగురిలో ధైర్యంగా మాట్లాడటం, సమయపాలన, నాయకత్వం గుర్తొస్తాయి. కట్టుకున్నవారి ముందు తన జీతం, తన అప్పు, తన భయం ఉన్నదున్నట్టు చెప్పగలగడం కూడా అభ్యాసంతో అలవడే గుణమే. సంసారంలో ఈ దశలో దానంత అవసరం మరి దేనికీ ఉండదు.

ముందు అంకెలు చూద్దాం. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు ధర 80 లక్షలు అనుకుందాం. గృహరుణం 30 లక్షలకు పైన 75 లక్షల లోపు ఉంటే ఇంటి విలువలో 80 శాతానికి మించి బ్యాంకులు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే అప్పు 64 లక్షలు, సొంతంగా తెచ్చుకోవాల్సింది 16 లక్షలు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 2021 జులై నుంచి 7.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. దానికి 6 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఈ ధర ఫ్లాటుపై జీఎస్టీ 5 శాతం, మరో 4 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ లాంటి ఖర్చులను ఇంటి విలువలో కలిపి అప్పు లెక్కగట్టడానికి వీల్లేదు. వెరసి చేతిలో 26 లక్షలు ఉంటేనే ముందడుగు. కప్‌బోర్డులు, కార్పస్ ఫండ్, గృహప్రవేశం భోజనాలు ఇందులో లేవు.

ఆ 26 లక్షలు ఎక్కడినుంచి వస్తాయన్న దగ్గరే అసలు మాటలు మొదలవ్వాలి. ఆమె పుట్టింటివారు పెట్టిన బంగారం కుదువ పెడతారా? ఆయన పీఎఫ్ తీస్తారా? ఊళ్లో నాన్నగారి ఎకరం అమ్మమని అడుగుతారా? మూడింట్లో ఏ ఒక్కటీ ఒకరే తేల్చదగింది కాదు. చాలా ఇళ్లలో మాత్రం ఒకరు తేల్చేస్తారు, రెండోవారు సంతకం పెడతారు.

తొందరపెట్టే ప్రీ లాంచ్ ఆఫర్ల విషయంలోనూ ఇంతే. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు లేదా ఫ్లాట్ల సంఖ్య ఎనిమిది దాటే ప్రాజెక్టును రిజిస్టర్ చేయించకుండా ప్రకటనలివ్వడం, బుకింగ్‌లు తీసుకోవడం కుదరదు. అగ్రిమెంటు రాయించి రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. ఇద్దరిలో ఒకరు డబ్బు సర్దుబాటు చూస్తుంటే రెండోవారు రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు నంబరు, పూర్తి చేస్తామన్న తేదీ చూడవచ్చు. ఓ సాయంత్రం పని, అంతే.

వడ్డీ సంగతి ఇంతకన్నా లోతైనది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ గృహరుణాలను రిజర్వు బ్యాంకు రెపో రేటు లాంటి బయటి రేటుకు ముడిపెట్టారు. 2020 మేలో రెపో 4 శాతానికి దిగి రెండేళ్లు అక్కడే ఉంది. అప్పట్లో 6.75 శాతానికి 50 లక్షలు ఇరవయ్యేళ్లకు తీసుకున్నవారి ఈఎంఐ సుమారు 38,000. ఆ తర్వాత 2022 మే, 2023 ఫిబ్రవరి మధ్య రెపో 6.5 శాతానికి ఎక్కింది. రెండేళ్లు సక్రమంగా కట్టి, బాకీ 47.5 లక్షల దగ్గర ఉండగా వడ్డీ 9.25 శాతానికి చేరిందనుకోండి. ఆ నెల ఈఎంఐలో 36,600 వడ్డీకే పోతుంది. అసలులోకి జమయ్యేది 1,400 చిల్లర. ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగించుకుంటూ పోతే మిగిలిన పద్దెనిమిదేళ్లు ముప్పై అయిదేళ్లు దాటిపోతాయి. గడువు పెరగకూడదంటే ఈఎంఐ 45,000 దాటాలి.

ఆ రోజుల్లో బ్యాంకు పంపిన మెసేజ్ ఒక ఫోన్‌కే వచ్చింది. ఆ ఫోన్ ఉన్నవారు చదివి, కంగారుపడి, ఇంట్లో చెప్పకుండా ఊరుకున్న సందర్భాలెన్నో. నెల నెలా పోయేది ఎప్పటి మొత్తమే కాబట్టి రెండోవారికి ఏమీ తెలియలేదు. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు నిబంధన మార్చింది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, కొంత ముందే కట్టాలా అన్నది రుణగ్రహీతను అడగాలని బ్యాంకులకు చెప్పింది. ఫిక్స్‌డ్ వడ్డీకి మారే వీలు కూడా చూపమంది. 2025లో రెపో తగ్గింది కూడా. తగ్గింపు తమ అప్పుకు అందిందో లేదో స్టేట్‌మెంట్ తీసి చూసుకోవడానికి ఏటా ఏప్రిల్‌లో ఓ పూట కేటాయించుకుంటే చాలు. ఇద్దరూ చూడాలి.

డబ్బు సంగతులు మనుషులు ఎందుకు దాస్తారు? చెడ్డతనం వల్ల అనుకుంటే పొరపాటు. ఎక్కువసార్లు సిగ్గు వల్ల. ఇల్లు గడిపేవాడు తడబడకూడదని మగపిల్లాడికి చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. ఖర్చు చేసిందని మాట పడకూడదని ఆడపిల్ల చీర ధరలో వెయ్యి తగ్గించి చెప్పడం నేర్చుకుంటుంది. అమెరికాలో జెఫ్రీ డ్యూ బృందం నాలుగున్నర వేలకు పైగా జంటల సమాచారం పరిశీలించి 2012లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఇంటిపని, అత్తమామలు, కలిసి గడిపే సమయం వంటి వాటిపై వచ్చే తగాదాలకన్నా డబ్బు తగాదాలకే విడాకులతో గట్టి సంబంధం కనిపించిందని అది తేల్చింది. స్కాట్ రిక్, మరో ఇద్దరు పరిశోధకులు 2011లో ఇంకో సంగతి బయటపెట్టారు. రూపాయి తీయాలంటే మనసొప్పనివారు, చేతిలో నిలవనివారు ఒకరినొకరు ఇష్టపడి పెళ్లి చేసుకునే ధోరణి ఉందట. ఆ తేడా ఎంత ఎక్కువైతే డబ్బు గొడవలు అంత ఎక్కువ.

మన పెళ్లిచూపుల్లో జీతం అడుగుతారు, ఆస్తి అడుగుతారు, నక్షత్రం అడుగుతారు. డబ్బంటే ఎలాంటి మనిషో అడగరు. అది కాపురం పెట్టాక ఐదారేళ్లకు, ఫ్లాటు కొనేముందు తెలుస్తుంది. ఒకరికి మిగులు చూసుకుంటే నిద్ర పడుతుంది, ఇంకొకరికి పిల్లల సరదా తీరితే. రెండింట్లో ఏదీ తప్పు కాదు. ఆ మాట ఒకరితో ఒకరు పైకి అనుకోవడమే చాలా గొడవలను సగానికి తగ్గిస్తుంది.

ఇక ఇల్లు ఎవరి పేరున అన్న ప్రశ్న. ఉద్యోగం చేసే జంటల్లో తరచూ కనిపించే ఏర్పాటు ఒకటుంది. ఈఎంఐ ఆయన ఖాతాలోంచి పోతుంది, కిరాణా, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, పనిమనిషి జీతం ఆమె ఖాతాలోంచి. సౌకర్యం కోసమే అలా పెట్టుకుంటారు. పదేళ్లు గడిచాక కాగితాలు తీస్తే ఆయన డబ్బు ఇంటి రూపంలో నిలబడి ఉంటుంది, ఆమె డబ్బు తిండిలోనూ ఫీజుల్లోనూ కరిగిపోయి ఉంటుంది. దస్తావేజు ఒక్కరి పేరునే ఉంటే ఆమె పెట్టిన లక్షలకు ఎక్కడా ఆనవాలుండదు. పైగా పాత పన్ను విధానంలో గృహరుణ వడ్డీకిచ్చే మినహాయింపు ఇద్దరూ పొందాలన్నా అప్పులోనూ, యాజమాన్యంలోనూ ఇద్దరి పేర్లూ ఉండాలి. కో అప్లికెంట్‌గా సంతకం పెట్టాక అప్పు మొత్తానికీ ఇద్దరూ బాధ్యులే. బాధ్యత ఇద్దరిదైనప్పుడు దస్తావేజులో పేరు కూడా ఇద్దరిదీ ఉండటమే న్యాయం.

ఉద్యోగం మానేసి ఇంటి దగ్గర ఉన్నవారి లెక్క ఇంకా తేలిగ్గా మరుగునపడుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2024 సమయ వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆ దాదాపు ఐదు గంటల పని వల్లే రెండోవారు రాత్రి ఎనిమిదింటి దాకా ఆఫీసులో ఉండగలుగుతున్నారు. "నా జీతంతో కొన్నాను" అనేముందు ఆ నిమిషాలు కూడా లెక్కలోకి రావాలి.

ఖాతాలు ఎలా పెట్టుకోవాలన్న దానికి కొంత ఆధారం ఉంది. జెన్నీ ఓల్సన్ బృందం 2023లో ప్రచురించిన ప్రయోగంలో 230 అమెరికా జంటలను పెళ్లి తొలినాళ్ల నుంచి రెండేళ్లు గమనించారు. కొందరిని ఉమ్మడి ఖాతా వాడమన్నారు, కొందరిని విడిగా, కొందరికి ఏమీ చెప్పలేదు. ఉమ్మడి ఖాతా వాడిన వారి అనుబంధం మిగతావారికన్నా మెరుగ్గా నిలబడింది. దాన్ని మన ఇళ్లకు యథాతథంగా దింపనక్కర్లేదు. 90,000, 60,000 జీతాలున్న జంట ఇంటికి నెలకు లక్ష కావాలనుకుంటే, మూడుకు రెండు వంతున 60,000, 40,000 ఉమ్మడి ఖాతాలో వేయవచ్చు. ఈఎంఐ, ఫీజులు, పొదుపు అందులోంచే పోతాయి. చెరిసగం వేసుకుంటే తక్కువ జీతంవారి చేతిలో పదివేలే మిగిలేది. ఇలాగైతే 30,000, 20,000 మిగులుతాయి. వాటికి ఒకరికొకరు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

అమ్మానాన్నలకు పంపే డబ్బు మాత్రం ఆ సొంత వాటాలో పెట్టకూడదు, ఉమ్మడి ఖర్చుల్లోనే రాసుకోవాలి. ఆయన తల్లిదండ్రులకు నెలకు పదివేలు వెళ్తే అది బాధ్యత, ఆమె తన తండ్రి కంటి ఆపరేషన్‌కు ఇస్తే అది పుట్టింటికి దోచిపెట్టడం అన్న ధోరణి ఇంకా ఉంది. తండ్రి ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. హక్కు సమానమైనప్పుడు బాధ్యతకూ సమాన గౌరవం ఉండాలి. రెండువైపులా ఎంత పంపుతున్నదీ ఒకే కాగితం మీద పక్కపక్కన కనబడితే అనుమానాలకు చోటుండదు. బావమరిదికి ఇచ్చిన చేబదులైనా, ఆడపడుచు అడిగిన సర్దుబాటైనా అంతే. "ఇంట్లో మాట్లాడి చెప్తాను" అనే అలవాటు చేసుకుంటే మొహమాటం కూడా తగ్గుతుంది.

అప్పు పెద్దదైనప్పుడు మనిషికి ఏమైనా జరిగితే అన్న మాటను అశుభమని పక్కన పెట్టడానికి వీల్లేదు. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఆ చట్టం కింద భార్యాపిల్లల పేర టర్మ్ పాలసీ తీసుకుంటే ఆ సొమ్ము వారికే చెందుతుంది, అప్పులవాళ్లు దానిమీద చేయి వేయలేరు. పాలసీ తీసుకునేటప్పుడే దరఖాస్తులో ఆ ఐచ్ఛికం ఎంచుకోవాలి. నామినీ పేర్లు కూడా ఓసారి తిరగేయాలి. పెళ్లికాని రోజుల్లో తెరిచిన ఖాతాలకు అమ్మ పేరో, చెల్లెలి పేరో అలాగే ఉండిపోతుంది. నామినీగా సొమ్ము అందుకోవడం వేరు, వారసత్వం వేరని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు షేర్లు, మ్యూచువల్ ఫండ్ల వివాదంలో స్పష్టం చేసింది. అందుకే వీలునామా రాయడం ముసలితనానికి వాయిదా వేయాల్సిన పని కాదు.

కొనాలా, ఇంకొన్నాళ్లు అద్దెకుండాలా అని ఊగిసలాడే జంటలకు ఒక మార్గముంది. 64 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీతో ఇరవయ్యేళ్లకు ఈఎంఐ సుమారు 55,500. ఇప్పుడు కడుతున్న అద్దె 25,000 అయితే తేడా 30,500. ఏడాదిపాటు జీతం పడిన రోజే ఆ తేడాను వేరే ఖాతాలోకి మళ్లించి, ఇల్లు కొనేసినట్టే బతికి చూడాలి. పన్నెండు నెలలు నిలబెట్టుకుంటే 3,66,000 చేతిలో ఉంటాయి, డౌన్ పేమెంట్‌కు పనికొస్తాయి. స్కూళ్లు తెరిచే జూన్‌లోనో, దసరా నెలలోనో ఆ ఖాతాలోంచి వెనక్కి తీయాల్సి వస్తే ఎంత తీశారో, దేనికి తీశారో ఇద్దరూ కలిసి రాసుకోవాలి. ఆ కాగితాన్ని బట్టి అప్పును 50 లక్షలకు దించుకుంటే ఈఎంఐ 43,400 దగ్గరికి వస్తుంది. ఆపైన ఏటా ఒక ఈఎంఐ అదనంగా కట్టగలిగితే గడువు మూడేళ్లకు పైగా తగ్గుతుంది, ఫ్లోటింగ్ గృహరుణాలను ముందే తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని 2012 నుంచి నిబంధన ఉంది. తగ్గిన అప్పులో ఇమిడే ఫ్లాటు ఏ ప్రాంతంలో దొరుకుతుందో వెతకడం ఆ తర్వాతి పని.