పోటీ పరీక్షల ప్రత్యేకం: కోనసీమలో కాపాడుకోవాల్సిన కట్టడాలు

2022 ఏప్రిల్ 4న జిల్లాగా ఏర్పడిన కోనసీమ చరిత్ర చదివేటప్పుడు గుళ్ల దగ్గరే ఆగిపోకండి. ముందు పి.గన్నవరం పాత అక్విడెక్టు సంగతి చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కానీ వైనతేయ పాయ అవతల ఉన్న రాజోలు ప్రాంతానికి కాలువ నీరు అందాలంటే, ఆ నీటిని నది మీదుగా దాటించాలి. అందుకే 49 కమానుల మీద దీన్ని కట్టారు. కింద గోదావరి, పైన కాలువ! 2000లో పక్కనే కొత్తది వచ్చింది. పాతదాన్ని శిథిలం కానివ్వడం మాత్రం తప్పు.

మామిడికుదురు మండలం ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనిది.

వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోటు అంతర్వేది. అక్కడి నరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది, 2021లో కొత్తది చేయించారు.

ర్యాలి (ఆత్రేయపురం మండలం) మూలవిరాట్టు ఏకశిల: ముందు కేశవుడు, వెనుక జగన్మోహిని.